విండోస్ పడిపోయిన రోజు నేను మౌనంలో ఉన్నాను: పది రోజుల విపశ్యన, నా అనుభవం

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీకి విండోస్ సపోర్ట్ చేస్తాను. పన్నెండేళ్ళుగా ఇదే పని. ఎవరి ల్యాప్‌టాప్ లేవకపోయినా, ఏ సర్వర్ పడిపోయినా ఫోను మా టీముకే వస్తుంది. అర్ధరాత్రయితే ఎక్కువగా నాకే వస్తుంది. 2024 జూలైలో పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సు చేసి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి ఆఫీసులో ఒక్కొక్కరే పక్కకి పిలిచి, "అన్నా, లోపల నిజంగా ఏం చేయిస్తారు?" అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టుంటుందని ఇది రాస్తున్నాను.

అసలెందుకు వెళ్ళానంటే, తొడ వల్ల. నవ్వకండి. ప్యాంటు కుడి జేబులో ఫోను పెట్టుకునే అలవాటు నాది. అంతకు ముందు ఏడాది నుంచి ఫోను టేబుల్ మీద ఉన్నా సరే కుడి తొడ మీద బర్రుమని వైబ్రేషన్ వచ్చినట్టుండేది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. ఫిబ్రవరిలో పాప పుట్టినరోజున కేకు కోస్తుంటే అలాగే వచ్చింది. తడుముకున్నాను. ఫోను లేదు. పంచె కట్టుకుని ఉన్నాను కాబట్టి జేబే లేదు. మా ఆవిడ చూసి, "నీకు ఫోను ఒంట్లోకి దిగిపోయింది" అంది.

ఏప్రిల్ 14, అంబేద్కర్ జయంతి, ఆదివారం. ఆ సాయంత్రం కూర్చుని ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. ఫారం అనుకున్నంత చిన్నదేమీ కాదు. ఏ మందులు వాడుతున్నారు, మానసిక సమస్యలు ఎప్పుడైనా వచ్చాయా, రేకీ లాంటివి చేస్తున్నారా, పది రోజులూ ఉండగలరా... దాచకుండా రాయడమే మంచిది. నా బీపీ మాత్ర గురించి రాశాను, లోపల రోజూ వేసుకున్నాను, ఎవరూ అడ్డు చెప్పలేదు. ముందు వచ్చిన జవాబు "వెయిటింగ్ లిస్టు". జూన్ 11న సీటు ఖాయమైంది. అంటే 58 రోజులు. అంతటితో అయిపోలేదు. కోర్సుకి రెండు వారాల ముందు "వస్తున్నారో లేదో మళ్ళీ చెప్పండి" అని ఇంకో మెయిల్ వచ్చింది, జవాబివ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుందట. ఆ మెయిల్ నాకు స్పామ్‌లో దొరికింది. ఆఫీసంతటికీ "అప్పుడప్పుడూ స్పామ్ ఫోల్డర్ చూసుకోండి" అని చెప్పేది నేనే.

కోర్సు జూలై 10 సాయంత్రం మొదలై 21 పొద్దున ముగుస్తుంది. మధ్యలో 17న మొహర్రం సెలవు కలిసొచ్చి ఏడు రోజుల లీవుతో పనైపోయింది. మా మేనేజరు, "ఏదైనా ఎమర్జెన్సీ వస్తే?" అన్నారు. "జూలైలో ఏముంటుంది సార్, అంతా ప్రశాంతమే" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను లేనప్పుడు ఏం చేయాలో పద్నాలుగు పేజీల హ్యాండోవర్ రాసి మా జూనియర్ కుర్రాడికి పంపాను. వాడు చదివి, "అన్నా, వీలునామా లాగా ఉంది" అన్నాడు.

జూలై 10న ఆటోకి 420 రూపాయలైంది. కేంద్రం ఊరి శివార్లలో, చెట్ల మధ్య. వెళ్ళగానే ఫోను, పర్సు, పుస్తకాలు, పెన్ను తీసుకుని సంచిలో వేసి నంబరు రాసి లాకర్లో పెట్టారు. ఫోను ఇచ్చేటప్పుడు ఏమీ అనిపించలేదు కానీ పెన్ను ఇచ్చేటప్పుడు గుండె గుబుక్కుమంది. చదవకూడదు, రాయకూడదు, మాట్లాడకూడదు, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి సైగ కూడా చేయకూడదు. ఆర్య మౌనం అంటారు దీన్ని. పంచశీలం ఒప్పుకోవాలి: చంపకూడదు, దొంగతనం చేయకూడదు, అబద్ధమాడకూడదు, బ్రహ్మచర్యం, మత్తు ముట్టకూడదు. నోరే విప్పనప్పుడు అబద్ధం సులువుగానే మానేయొచ్చు. చంపకూడదు అన్నదాంట్లో దోమలు కూడా ఉన్నాయి. జూలై నెల, వాన చుట్టూ, కిటికీ మెష్‌కి చిల్లు. వెళ్ళేవాళ్ళు ఒంటికి రాసుకునే దోమల క్రీము తప్పకుండా పట్టుకెళ్ళండి. ఫోను ఉండదు కాబట్టి అలారం ఉన్న గడియారం కూడా. నాది 250 రూపాయల డిజిటల్ వాచీ.

ఫీజు లేదు. తిండికీ లేదు, గదికీ లేదు. ముందే ఇస్తామన్నా తీసుకోరు. ఒక కోర్సు పూర్తిగా చేసినవాళ్ళ దగ్గరే విరాళం తీసుకుంటారు.

తెల్లవారుజామున 4 గంటలకి గంట కొడతారు. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా కూర్చోవాలి. ఆ తర్వాత టిఫిను. 8 నుంచి 11 దాకా మళ్ళీ కూర్చోవాలి. పదకొండింటికి భోజనం. ఒంటిగంట నుంచి ఐదింటిదాకా కూర్చోవాలి. ఐదింటికి టీ, మరమరాలు, ఒక అరటిపండు. కొత్తవాళ్ళకి అదే రాత్రి భోజనం. ఇంతకుముందు కోర్సు చేసినవాళ్ళకి అదీ లేదు, నిమ్మకాయ నీళ్ళే. ఆరు నుంచి ఏడు కూర్చోవాలి, ఏడింటికి ఈ ధ్యానం నేర్పిన గోయెంకా గారి ప్రవచనం, మళ్ళీ కాసేపు కూర్చుని తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పడం. లెక్కేస్తే రోజుకి పది గంటలకి పైనే కళ్ళు మూసుకుని కూర్చోవడం. నేను ఆఫీసులో పది గంటలు కూర్చుంటాను కదా, ఇదెంత అనుకున్నాను. కుర్చీ లేదన్న సంగతి మర్చిపోయాను.

మొదటి మూడున్నర రోజులు ఆనాపాన. ముక్కు దగ్గర ఊపిరి వస్తోంది, పోతోంది, అది గమనించడమే పని. లెక్క పెట్టకూడదు, మంత్రం అనకూడదు, ఊపిరిని మార్చకూడదు. మొదటి రోజు నాకు వరసగా నాలుగు ఊపిరులు దాటలేదు. ఐదోదానికి ఆఫీసులో ఎవరో పెట్టిన ఫిర్యాదు టికెట్ గుర్తొచ్చేది. రెండో రోజు మధ్యాహ్నం అయితే వెళ్ళిపోదామనే నిర్ణయించుకున్నాను. కుంటిసాకు కూడా తయారు చేసుకున్నాను, నడుం నొప్పి అని. పన్నెండింటికి ఆచార్యుల్ని కలిసే వీలుంటుంది. వెళ్ళాను. ఆయన రిటైర్డ్ లెక్చరర్‌లా ఉన్నారు. నేను నోరు తెరవగానే, "నడుమా, మోకాలా?" అన్నారు. "నడుం సార్." "రేపు మోకాలికి వస్తుంది. వెనకాల గోడ దగ్గర కూర్చోండి" అన్నారు. నా కోసం తయారు చేసుకున్న సాకుని ఆయన ఎన్నిసార్లు విన్నారో అనిపించి సిగ్గేసి వచ్చేశాను.

నాలుగో రోజు, జూలై 14 ఆదివారం, మధ్యాహ్నం నుంచి అసలు విపశ్యన. తల నుంచి కాళ్ళ దాకా ఒంట్లో ఒక్కొక్క చోటా ఏమనిపిస్తోందో చూసుకుంటూ పోవాలి. దురదైనా, వేడైనా, బరువైనా, చక్కిలిగింత అయినా చూడాలి, అంతే. కదలకూడదు, గోక్కోకూడదు. 'అనిచ్చ' అనుకోవాలి, అంటే నిలవదు అని. ఆ రోజు నుంచి రోజుకి మూడుసార్లు గంటసేపు చేతులు విప్పకుండా, కాళ్ళు విప్పకుండా, కళ్ళు తెరవకుండా కూర్చోవాలి. దీన్ని అధిష్ఠానం అంటారు. సార్ చెప్పినట్టే మోకాలు మొదలైంది. ముప్పయ్యో నిమిషానికి ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పుతున్నట్టుండేది. నలభయ్యో నిమిషం తర్వాత ఒక వింత జరిగింది. నొప్పి అని నేను ఒకే ముద్దగా అనుకున్నది దగ్గరికెళ్ళి చూస్తే ఒకటి కాదు. కింద మంట, పైన లాగుడు, మధ్యలో నాడి కొట్టుకున్నట్టు టకటక. మూడూ ఒకే వేగంతో లేవు. టకటక ఆగి మళ్ళీ మొదలయ్యేది. దాన్ని చూస్తూ ఉంటే పది నిమిషాలు గడిచాయి. అదయ్యాక నొప్పి మళ్ళీ ముద్దయిపోయింది, నేను కాలు విప్పేశాను. అది కూడా రాయాలి కదా.

ప్రవచనాలు తెలుగు ఆడియోలో విన్నాం. రోజు మొత్తం మీద ఎదురుచూసేది దానికోసమే, కనీసం మనిషి గొంతు వినపడుతుంది. గోయెంకా గారు బర్మాలో పుట్టి పెరిగిన వ్యాపారి. మైగ్రేన్ తలనొప్పికి మార్ఫిన్ దాకా వెళ్ళి, చివరికి 1955లో ఊ బా ఖిన్ అనే ఆయన దగ్గర ఈ ధ్యానం నేర్చుకున్నారు. ఆ ఊ బా ఖిన్ సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. ఫైళ్ళు చూస్తూ, బడ్జెట్లు చూస్తూ తన ఆఫీసు సిబ్బందికే ధ్యానం నేర్పాడు. ఎందుకో గానీ నాకు అడవిలో కూర్చున్న మునుల కంటే ఈ అకౌంటెంట్ మీద నమ్మకం కుదిరింది.

ఒక రాత్రి ప్రవచనంలో రెండు మాటల దగ్గర ఆగిపోయాను. పాళీలో 'వేదన' అంటే ఒంటి మీద తెలిసే ఏ అనుభూతైనా సరే, సుఖమైనా వేదనే. మనం తెలుగులోకి తెచ్చుకుని బాధ ఒక్కదానికే ఉంచుకున్నాం. 'సంఖార' అంటే లోపల పడిన ప్రతిక్రియ, గాడి పడిన అలవాటు. అదే మాటని మనం సంస్కారం చేసి, పెద్దలొస్తే లేచి నిలబడటానికి వాడుకుంటున్నాం. బుద్ధుడు చెప్పిన వరస ఇది: తగిలితే వేదన పుడుతుంది, వేదన వల్ల తృష్ణ పుడుతుంది. తెంపాల్సింది ఆ రెండిటి మధ్యలోనట. నాకు నా తొడ గుర్తొచ్చింది. బర్రుమనడం వేదన. చెయ్యి జేబులోకి పోవడం తృష్ణ. ఆరో రోజు పొద్దున ఆ వైబ్రేషన్ నిజంగానే వచ్చింది, హాల్లో, ఫోను లాకర్లో ఉండగా. చెయ్యి కదిలింది కూడా. ఆపి చూశాను. అది వైబ్రేషన్ కాదు, కండరం అదురుతోంది. ఐదారు సెకన్లు. పోయింది. ఏడాదిగా నేను జవాబిస్తున్నది దీనికా అనిపించింది.

అదే ఆరో రోజు మధ్యాహ్నం చేసిన తప్పు కూడా చెప్పేస్తాను. మా ఆవిడ చెప్పుల్ని పాత పేపర్లో చుట్టి బ్యాగులో పెట్టింది. అది దొరికింది. తలుపేసుకుని చదివాను. అరపేజీ టెండరు ప్రకటన, మురుగు కాలువ పూడిక తీయడానికి. ఈఎండీ (ధరావతు) ఎంత, ఆఖరు తేదీ ఎప్పుడు, నాలుగుసార్లు చదివాను. వెనక వైపు ఎవరిదో పెద్దకర్మ ప్రకటన, మధ్యలోకి చిరిగిపోయి ఉంది. ఆ పోయినాయన పేరు సగమే ఉంది, రెండో సగం ఏమై ఉంటుందా అని సాయంత్రం ధ్యానమంతా అదే. ఇక్కడ తెలిసింది నాకు వార్తల మీద ఉన్నది ఆసక్తి కాదని.

ఏడో రోజు తొలి ఏకాదశి. దూరంగా ఏదో గుడి మైకులో పాటలు. ఇంట్లో పేలపిండి చేసుంటారు అనుకుంటే నోట్లో నీళ్ళు. మా అమ్మమ్మ వాళ్ళది సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి దగ్గర పల్లె. పాము పడగలా ఉంటుందని ఆ గుట్టకి ఆ పేరు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ గుట్టెక్కి రాళ్ళ మీద జారేవాళ్ళం, పైన బౌద్ధ విహారం ఉందని పెద్దయ్యే దాకా తెలీదు. 2024 వేసవిలో అక్కడ తవ్వకాల్లో ఒక కుండ దొరికింది. అందులో ఇక్ష్వాకుల కాలంనాటి సీసపు నాణేలు, 3,730. ఎవరో భద్రంగా దాచిపెట్టుకున్నారు, తీసుకోవడానికి మళ్ళీ రాలేదు. మా భాషలో చెప్పాలంటే బ్యాకప్ ఉంది, రీస్టోర్ జరగలేదు. ఆ రాళ్ళ మీద కూర్చున్న భిక్షువులకి కూడా ముప్పయ్యో నిమిషంలో మోకాలు పట్టే ఉంటుంది కదా అనుకుంటే ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది.

ఎనిమిదో రోజు బాగా గడిచింది, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

తొమ్మిదో రోజు, జూలై 19, శుక్రవారం. ఎనిమిది నుంచి తొమ్మిది అధిష్ఠానం, కదలకుండా గంట పూర్తి చేశాను. ఐదు నిమిషాలు బయట తిరిగొచ్చి మళ్ళీ హాల్లో కూర్చున్నాను. ఆ రెండు గంటల్లో ఏం ఆలోచించానో నాకు బాగా గుర్తు, ఎందుకంటే ధ్యానం కుదరలేదు. మా మేనేజరుకి మనసులోనే మెయిల్ రాస్తున్నాను: ఇన్నాళ్ళూ నేను లేకపోతే ఏదీ నడవదనుకున్నాను, తొమ్మిది రోజులు నడిచింది, ఇకమీద ఆన్‌కాల్ (అర్ధరాత్రి ఫోన్లు ఎత్తే వంతు) అందరికీ సమానంగా పంచండి అని. వాక్యాలు కూడా దిద్దుకున్నాను. సరిగ్గా ఆ సమయంలోనే, మన టైము 9:39కి, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన చిన్న అప్‌డేట్ ప్రపంచమంతా విండోస్ మెషీన్లని పడగొట్టడం మొదలుపెట్టింది. 10:57కి దాన్ని వెనక్కి తీసుకున్నారు. మాకు పదకొండింటికి గంట కొట్టారు. భోజనంలో సొరకాయ పప్పు.

పదో రోజు పొద్దున మైత్రీ ధ్యానం (అందరూ బాగుండాలని కోరుకోవడం) నేర్పి మౌనం విప్పేశారు. గొంతు బొంగురుపోయింది. పది రోజులు మునుల్లా తిరిగినవాళ్ళం పావుగంటలో "మీది ఏ కంపెనీ?" దగ్గరికి వచ్చేశాం. నా పక్క గది ఆయన ఎంత గంభీరంగా ఉండేవాడో, ఆయన మొదటి మాట "బడ్జెట్ 23నే కదా, ఎల్‌టీసీజీ పెంచుతారంటారా?" (ఎక్కువకాలం ఉంచుకున్న షేర్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను అది. పెంచారు, 10 నుంచి 12.5 శాతానికి. ఆయన్ని తల్చుకున్నాను.) ఆ రోజే విరాళం కౌంటరు పెట్టారు. పర్సులు ఇచ్చారు, ఫోన్లు మాత్రం ఆఖరి రోజు పొద్దునే అన్నారు. నా పర్సులో 700 రూపాయలు. యూపీఐ వచ్చాక నోట్లు ఎవరు పట్టుకు తిరుగుతున్నారు? 500 ఇచ్చి, మిగతాది ఇంటికెళ్ళాక ఆన్‌లైన్‌లో పంపాను. మొత్తం 3,000. వెళ్ళేవాళ్ళు కాస్త నగదు దగ్గర ఉంచుకోండి.

జూలై 21 ఆదివారం, ఆషాఢ పౌర్ణమి. బుద్ధుడు సారనాథ్‌లో ఐదుగురికి మొదటి ఉపదేశం చేసింది ఈ పౌర్ణమి నాడేనంటారు. మేము తెల్లవారుజామున చివరి ప్రవచనం విని, గదులు ఊడ్చి, బాత్రూములు కడిగి, ఫోన్ల కోసం వరసలో నిలబడ్డాం. నా ముందున్న కుర్రాడు ఫోను ఆన్ చేసి అలా నిలబడిపోయాడు. "అన్నా, విండోస్ మొత్తం పోయిందంట" అన్నాడు. "ఎక్కడ?" అన్నాను. "అంతటా."

నా ఫోన్లో శుక్రవారం ఒక్కరోజువి 61 మిస్డ్ కాల్స్. గుండె దడదడ. మేనేజరు నుంచి రెండే మెసేజీలు. మొదటిది, "ఎక్కడున్నావు? అర్జెంట్." రెండోది తొమ్మిది నిమిషాల తర్వాత, "ఓ, నువ్వు విపశ్యనలో ఉన్నావు కదా. పర్లేదు, చూసుకుంటాం." ఈ రెండోది చదివినప్పుడు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్తాను. ఊరట అనిపించాలి. అనిపించలేదు. పొట్టలో ఏదో జారినట్టయింది. పన్నెండేళ్ళుగా ఇలాంటి రోజు కోసమే నన్ను పెట్టుకున్నారనుకున్నాను. ఆ రోజు వచ్చి వెళ్ళిపోయింది, నేను సొరకాయ పప్పు తింటున్నాను. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫోటో పది గ్రూపుల్లో ఉంది. దాన్ని చూస్తే, పెళ్ళికి పిలిచి కూడా వెళ్ళలేకపోయినవాడికి ఆల్బమ్ చూపించినట్టుంది.

ఇంటికి ఆటో 600. ఆ రోజు సికింద్రాబాద్ మహంకాళి బోనాలు, దారులన్నీ మళ్ళించారు. ఒక చోట ఇరవై నిమిషాలు ఆగిపోయాం. పోతరాజు, డప్పులు. పది రోజులు ఫ్యాను చప్పుడు తప్ప విననివాడికి ఆ డప్పు చెవుల్లో కాదు, పక్కటెముకల్లో వినపడింది.

ఇంటికెళ్ళాక పాప వచ్చి మీద పడింది. కాస్త చిక్కినట్టుంది. అడిగితే మా ఆవిడ తాపీగా చెప్పింది: 16వ తారీఖు రాత్రి 102 జ్వరం, రెండు రోజులుండి తగ్గింది. కేంద్రం నంబరు ఆమె దగ్గరుంది, అత్యవసరమైతే చెప్పమని ఇచ్చి వెళ్ళాను. "ఎందుకు చెప్పలేదు?" అన్నాను గట్టిగానే. "చెప్తే వచ్చేసేవాడివి. వచ్చి ఏం చేసేవాడివి, ఫోను చూస్తూ కూర్చునేవాడివి" అంది. పది రోజుల్లో నేర్చుకున్నదేదీ ఆ నిమిషంలో అక్కరకి రాలేదు. స్నానానికని వెళ్ళి కాసేపు ఏడ్చాను.

మధ్యాహ్నం నాన్న ఫోను. "లక్ష లోపు పంట లోన్లు మాఫైనయి బిడ్డా, పద్దెనిమిది నాడే పైసలు పడ్డయట. మనది ఎనభై ఆరు వేలు. నీకు చెబుదామంటే ఫోనేది?" బ్యాంకువాళ్ళు మళ్ళీ పిలుస్తారేమోనని ఆయన భయం. కాగితం తీసుకుని పెట్టుకోమన్నాను.

తర్వాత పేపర్ల కట్ట విప్పాను. మా ఆవిడ రబ్బరు బ్యాండు వేసి దాచింది. పదకొండు రోజుల పేపర్లు చదవడానికి నలభై నిమిషాలు పట్టింది, అది కూడా టీ తాగుతూ. ట్రంప్ మీద కాల్పులు జరిగింది 14వ తారీఖు మన టైములో మూడున్నర దాటాక, మాకు నాలుగింటి గంట కొట్టడానికి కాస్త ముందు. అదే రోజు పూరీ రత్నభాండాగారం 46 ఏళ్ళ తర్వాత తెరిచారు. అంబానీల పెళ్ళి అయిపోయింది. వెనక నుంచి ముందుకి చదివితే భలే ఉంటుంది, ఉత్కంఠ పడదామంటే ఫలితం ముందే తెలిసిపోయి ఉంటుంది. ఒక్కటి మాత్రం అలా దాటలేకపోయాను. బంగ్లాదేశ్‌లో విద్యార్థుల ఆందోళన, కాల్పులు, 18 నుంచి దేశం మొత్తానికి ఇంటర్నెట్ లేదు. నేను నా అంతట నేను ఫోను లాకర్లో పెట్టి దాన్ని సాధన అనుకుంటున్న రోజుల్లోనే, కొడుకు బతికున్నాడో లేడో తెలుసుకోలేక అక్కడ తల్లులు. మౌనం అనే మాట రెండింటికీ వాడొచ్చా అని చాలాసేపు అనుకున్నాను.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి అలవాటుగా నిద్ర ముంచుకొచ్చింది. పడుకున్నాను. పదకొండుంపావుకి మెలకువొచ్చి, టైము చూద్దామని ఫోను తీశాను. బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నాడని అప్పుడే వస్తోంది. ఒకటిన్నర దాకా స్క్రోల్ చేశాను. పది రోజుల పత్యం ఆ రాత్రికే చెడింది.

సోమవారం ఆఫీసు. వారాంతంలో మావాళ్ళు నిద్రలేకుండా పని చేసి చాలావరకు లేపేశారు. సర్వర్లు లేచాయి. మిగిలినవి సెలవుల్లో ఉన్నవాళ్ళవి, ఇంటి నుంచి పని చేసేవాళ్ళు కొరియర్లో పంపినవి. 43 ల్యాప్‌టాప్‌లు కాన్ఫరెన్స్ రూములో నేల మీద పరిచి ఉన్నాయి. నీలం తెర, ఏడుపు ముఖం. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద పడిపోయినవి 85 లక్షలట, నా వాటా 43. దూరం నుంచి బాగు చేయడానికి వీల్లేదు, మెషీన్ లేస్తే కదా నెట్‌కి కలిసేది. ఒక్కొక్కదాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ పాడు ఫైలు తీసేయాలి. తెరవాలంటే ముందు బిట్‌లాకర్ (డిస్కుకి వేసిన తాళం) కీ కొట్టాలి. కీ అంటే 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. కాపీ పేస్టు కుదరదు, ఒక ల్యాప్‌టాప్ తెర మీద చూస్తూ ఇంకోదాంట్లో వేలితో కొట్టాలి. 43 ఇంటూ 48, మొత్తం 2,064 అంకెలు.

బాసింపట్టు వేసుకుని నేల మీదే కూర్చున్నాను. అది మాత్రం అలవాటైంది, మోకాలు గోల చేయలేదు. మొదటి పది మెషీన్లు హాయిగా సాగాయి. పదకొండోదాంట్లో ఒక అంకె తప్పు కొట్టాను, మళ్ళీ మొదటి నుంచి. పన్నెండోదాంట్లో మళ్ళీ తప్పు. చెవుల వెనక వేడి మొదలైంది. అది తెలిసింది నాకు, నిజంగానే. ఇదివరకైతే వేడి తెలిసేది కాదు, నోట్లోంచి మాట వచ్చాకే కోపమని తెలిసేది. చూస్తూ కూర్చున్నాను, మెడ దాకా దిగి, తగ్గింది. భలే అనుకున్నాను. ఇరవై ఆరోది చేస్తుండగా మా జూనియర్ వచ్చి, "అన్నా, మీ హ్యాండోవర్‌లో ఈ సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క లైను కూడా లేదు" అన్నాడు, నవ్వుతూనే. ఏం వేడి చూడలేదు, ఏమీ లేదు, కయ్యిమని అరిచాను. వాడు మూడు రోజులుగా పడుకోలేదు. తర్వాత కింద క్యాంటీన్‌కి తీసుకెళ్ళి సారీ చెప్పి మిర్చిబజ్జీ పెట్టించాను.

ఆగస్టు మొదటి వారంలో క్రౌడ్‌స్ట్రైక్ మూలకారణం రిపోర్టు బయటపెట్టింది. ఒక చోట 21 విలువలు ఉంటాయని రాసుకున్నారు, నిజానికి అందుతున్నవి 20. లేని ఆ ఇరవై ఒకటోదాన్ని చదవబోయి విండోస్ కుప్పకూలింది. ఇన్నాళ్ళూ అది ఎందుకు బయటపడలేదంటే, ఆ ఇరవై ఒకటోదాన్ని అడిగే అవసరం అంతకుముందు రాలేదు కాబట్టి. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు అని బుద్ధుడు చెప్పిన వరస ప్రవచనంలో విన్నప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. ఆ రిపోర్టు చదువుతుంటే ఎక్కింది.

పొద్దున గంట, సాయంత్రం గంట చేయమని చెప్పి పంపారు. నాకు పొద్దున ఇరవై, ముప్పై నిమిషాలు కుదురుతోంది. సాయంత్రం కుదరడం లేదు. తొడ మీద ఇప్పటికీ అదురుతుంది, వారానికి రెండుసార్లేమో. చెయ్యి జేబు దాకా వెళ్తుంది, సగం సార్లు అక్కడ ఆగుతుంది. ఆటోలు, వాచీ, దోమల క్రీము, విరాళం అన్నీ కలిపి 4,400 దాకా అయింది.

మా జూనియర్ నవంబరు కోర్సుకి దరఖాస్తు పెట్టాడు. వెయిటింగ్ లిస్టు 37. సీటు వస్తే ఆ పది రోజులూ ఆన్‌కాల్ నేనే చూస్తానని మేనేజరుతో చెప్పాను. హ్యాండోవర్ రాసి పంపరా అంటే నిన్న పంపాడు. మొత్తం రెండు లైన్లు. "అన్నా, ఏదైనా పడిపోతే మీరే లేపండి. నేలమీద కూర్చోవడం మీకు అలవాటే కదా."